జార్జియా కూలిపోతుందా? అక్కడ ఇరవయ్యేళ్ళు బాకీలు వసూలు చేసినవాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. చెల్లెలు జార్జియా రాజధాని టిబిలిసిలో ఎంబీబీఎస్ మూడో ఏడు చదువుతోంది. ఉక్రెయిన్ యుద్ధం ఇంకా తెగలేదు, టిబిలిసి వీధుల్లోనే నిరసనలు నడుస్తున్నాయి. మీ బంధువు ఒకాయన "అవన్నీ పాత సోవియట్ దేశాలు, ఎప్పుడు కూలతాయో తెలీదు, పంపిన డబ్బు ఇరుక్కుపోతుంది" అని భయపెడుతున్నారు. కన్సల్టెన్సీ ఏజెంటేమో "యుద్ధం మొదలయ్యాకే జార్జియా ఏడాదికి పది శాతం పెరిగింది, బటూమిలో ఒక ఫ్లాట్ తీసుకోండి, అద్దెతోనే ఫీజు కట్టేయొచ్చు" అని ఊరిస్తున్నాడు. ఎవరి మాట వినాలి?

సూటిగా చెప్తాను. చదువు మాన్పించాల్సినంత ఆర్థిక ప్రమాదం నాకు కనిపించడం లేదు. ఫ్లాట్ మాత్రం కొనకండి. జార్జియా ముప్పై ఏళ్ళలో తినని దెబ్బ లేదు, తిన్న ప్రతిసారీ లేచింది. ఎలా లేవాలో దానికి కొంత అలవాటైంది. కానీ 2022 తర్వాత కనిపిస్తున్న ఆ పది శాతంలో చాలా భాగం పక్కింటి గొడవ వల్ల వచ్చిపడిన డబ్బు. మీ బంధువు మొదటి సంగతి చూడలేదు, మీ ఏజెంటు రెండోది చెప్పడం లేదు.

నా గురించి రెండు ముక్కలు. హైదరాబాద్ నుంచి పాత సోవియట్ దేశాలకు మందులు ఎగుమతి చేసే వ్యాపారంలో పనిచేసి రిటైరయ్యాను. సరుకు అమ్మడం వేరేవాళ్ళ పని, అమ్మిన సరుకుకు డబ్బు రాబట్టడం నా పని. రష్యా, ఉక్రెయిన్, జార్జియా, ఆర్మేనియా, మాల్దోవా అన్నీ తిరిగాను. ఆర్థికవేత్తను కాను. దేశం బాగుందో లేదో నాకు జీడీపీ లెక్కల కంటే ముందు, 90 రోజుల బిల్లును డిస్ట్రిబ్యూటరు ఎన్నో రోజున కట్టాడన్నదాన్ని బట్టి తెలిసేది. కాబట్టి నేను చెప్పేదంతా బాకీల మనిషి చూపు అనుకుని చదవండి.

మొదటి పాఠం జార్జియాలో కాదు, రష్యాలో నేర్చుకున్నాను. 1998 ఆగస్టు 17న రష్యా ప్రభుత్వం అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. అప్పటికి డాలరుకు ఆరు రూబుళ్ళు. ఏడాది చివరికి ఇరవై. మేం డిస్ట్రిబ్యూటరుకు బిల్లు డాలర్లలో వేసేవాళ్ళం, అతను మందుల షాపులకు రూబుళ్ళలో అరువిచ్చేవాడు. పదివేల డాలర్ల సరుకు అరవై వేల రూబుళ్ళకు అమ్మాడనుకోండి. షాపులు నిజాయితీగా అరవై వేలూ తెచ్చి ఇచ్చినా, చేతిలో ఉన్నది మూడువేల డాలర్లే. మాకు కట్టాల్సింది పదివేలు. అతను మోసగాడు కాదు, తాగుబోతు కాదు, వ్యాపారం తెలియనివాడూ కాదు. సంపాదన ఒక కరెన్సీలో, అప్పు ఇంకో కరెన్సీలో ఉండటమే అతన్ని ముంచింది. ఆ తర్వాత ఏ దేశం వెళ్ళినా నేను మొదట అడిగింది ఇదే: ఇక్కడి జనం ఏ కరెన్సీలో సంపాదిస్తున్నారు, ఏ కరెన్సీలో బాకీ ఉన్నారు?

జార్జియాకు వద్దాం. 1991లో సోవియట్ నుంచి విడిపోయింది. ఏడాది తిరక్కుండానే టిబిలిసి నడిబొడ్డునే తుపాకులు పేలాయి. విడిపోతామన్న దక్షిణ ఒసేటియా ప్రాంతంలో ఒక యుద్ధం, 1992-93లో అలాంటిదే అబ్ఖాజియాలో ఇంకొకటి. రెండు లక్షల మందికి పైగా ఇళ్ళు వదిలి వచ్చేశారు. ఫ్యాక్టరీలకు ముడిసరుకు మాస్కో పంపేది, తయారైంది కూడా మాస్కోనే తీసుకునేది. ఆ తాడు తెగడంతో నాలుగైదేళ్ళలో ఆర్థిక వ్యవస్థలో మూడింట రెండొంతులకు పైగా కరిగిపోయింది. రూబుల్ బదులు కూపన్లు అచ్చేశారు. వాటి విలువ ఎంత పడిందంటే, 1995 అక్టోబరులో లారీ వచ్చినప్పుడు పది లక్షల కూపన్లకు ఒక్క లారీ ఇచ్చారు. (లారీ అంటే రోడ్డు మీద తిరిగేది కాదండోయ్, అక్కడి కరెన్సీ. మా అకౌంట్స్ సెక్షన్‌లో కొత్తగా చేరిన ప్రతివాడూ "రెండు లక్షల లారీలు రావాలా సార్?" అని ఒకసారి నవ్వేవాడు.)

నేను మొదటిసారి వెళ్ళింది 2002 జనవరిలో. ఊరి మధ్యలో ఇవేరియా అని పెద్ద హోటల్ ఉండేది. అందులో టూరిస్టులు లేరు. అబ్ఖాజియా నుంచి వచ్చిన కుటుంబాలు పదేళ్ళుగా అందులోనే కాపురం ఉంటున్నాయి. బాల్కనీలకు ప్లైవుడ్ ముక్కలు కొట్టి గదులు చేసుకున్నారు. అంతస్తు అంతస్తుకూ ఆరేసిన బట్టలు, కిటికీల్లోంచి బయటికి పొగగొట్టాలు. మా డిస్ట్రిబ్యూటరు ఆఫీసులో కూర్చుని లెక్కలు చూస్తుంటే సాయంత్రం నాలుగున్నరకు కరెంటు పోయింది. ఎవరూ తల కూడా ఎత్తలేదు. ఒకమ్మాయి "షుకీ అర్ అరిస్" అంటూ కిరసనాయిలు దీపం తెచ్చి లెడ్జరు పక్కన పెట్టింది. "వెలుతురు లేదు" అని అర్థం. జార్జియన్‌లో నేను నేర్చుకున్న మొదటి వాక్యం అదే. ఆ వారంలో కనీసం ముప్పైసార్లు విన్నాను.

అప్పటి పింఛను నెలకు 14 లారీలు, అంటే ఏడు డాలర్లకు కాస్త అటూఇటూ. అదీ నెలల తరబడి బకాయి. మందుల షాపులో ముసలివాళ్ళు స్ట్రిప్ కొనేవాళ్ళు కాదు, రెండు మాత్రలు కత్తిరించి ఇమ్మనేవాళ్ళు. నగరం కరెంటు పంపిణీని 1998 చివర్లో ఒక అమెరికన్ కంపెనీ కొంది. ఇంటింటికీ మీటర్లు పెట్టింది. జనం మీటరు దాటించి కొక్కేలు తగిలించారు. కట్టేవాడు కట్టకపోతే కంపెనీ దగ్గర డబ్బుండదు, డబ్బు లేకపోతే కరెంటు కొనలేదు, కరెంటు రాకపోతే ఎవరూ బిల్లు కట్టరు. 2003లో ఆ కంపెనీ తన వాటాను రష్యన్లకు అమ్మేసి వెళ్ళిపోయింది. అప్పట్లో మా బిల్లు 90 రోజులది 200 రోజులకు వచ్చినా పండగే.

ఆ ఏడాది నవంబరులోనే గులాబీ విప్లవం వచ్చింది. జనం వీధుల్లోకి రావడంతో అధ్యక్షుడు షెవర్డ్‌నాడ్జే దిగిపోయి సాకాష్‌విలి వచ్చాడు. ఆ తర్వాత జరిగిన సంస్కరణల గురించి మీరు ఎక్కడైనా పొగడ్తలే చదువుతారు. నేను చూసింది చెప్తాను. అంతకుముందు పోతీ రేవు నుంచి టిబిలిసికి మా మందుల వ్యాను వస్తుంటే దారిలో ట్రాఫిక్ పోలీసులు ఆపేవాళ్ళు. ప్రతి ఆపుకీ ఎంతో కొంత. మా డిస్ట్రిబ్యూటరు దాన్ని లెక్కల్లో "రోడ్డు ఖర్చు" అని రాసేవాడు. 2004లో మొత్తం ట్రాఫిక్ పోలీసు విభాగాన్నే రద్దు చేశారు. దాదాపు 15 వేల మందిని ఇంటికి పంపించి, తక్కువ మందిని మంచి జీతాలతో కొత్తగా తీసుకున్నారు. మర్నాడు రోడ్డు మీద ఏం అవుతుందో అని అందరూ భయపడ్డారు. ఏమీ కాలేదు. ఆ మరుసటి ఏడాది లెక్కల్లో "రోడ్డు ఖర్చు" అనే వరస లేదు. 2005 నుంచి పన్నులు 21 రకాల నుంచి ఏడుకు తగ్గాయి. రేట్లు తగ్గినా వసూళ్ళు మాత్రం, జీడీపీతో పోల్చి చూస్తే, నాలుగైదేళ్ళలో దాదాపు రెట్టింపయ్యాయి. పింఛన్ల బకాయిలు తీర్చారు. కరెంటు విషయంలో మొండిగా వెళ్ళారు. టిబిలిసి బయట ఒక పేటకంతటికీ కలిపి ఒక మీటరు పెట్టి, అంతా కలిసి కట్టకపోతే పేట మొత్తానికీ కట్ చేశారు. న్యాయం కాదు, కట్టినవాడికీ చీకటే. కానీ రెండు మూడేళ్ళలో 24 గంటల కరెంటు వచ్చింది.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. ఉద్యోగాలు పోయినవాళ్ళను ఎవరూ లెక్కపెట్టలేదు. వ్యాపారుల్ని జైల్లో వేసి, డబ్బు కట్టించుకుని వదిలిన రోజులవి. 2012లో జైళ్ళలో చిత్రహింసల వీడియోలు బయటికొచ్చి, ఆ ఎన్నికల్లోనే ఆ ప్రభుత్వం పోయింది. నా బిల్లు సకాలంలో వచ్చింది కాబట్టి అంతా బాగుందని నేను అనలేను.

ఉన్న ఒక్క కొనుగోలుదారుడూ తలుపేస్తే ఏమవుతుంది? 2006 చూడండి. జనవరిలో రష్యా వైపున్న ఉత్తర ఒసేటియాలో గ్యాస్ పైపులైన్ పేలింది, గడ్డకట్టే చలిలో జార్జియాకు గ్యాస్ లేదు. వసంతంలో జార్జియా వైన్‌నీ, బొర్జోమి మినరల్ వాటర్‌నీ రష్యా నిషేధించింది. వైన్‌లో ముప్పాతిక భాగానికి పైగా అమ్ముడయ్యేది రష్యాలోనే. శరదృతువులో విమానాలు, రైళ్ళు, ఉత్తరాలతో సహా రాకపోకలన్నీ ఆపేసింది. గ్యాస్ ధర రెండేళ్ళలో వెయ్యి ఘనపు మీటర్లకు 63 డాలర్ల నుంచి 235కి పెంచింది.

మా డిస్ట్రిబ్యూటరు బావమరిదికి కాఖేతిలో ద్రాక్షతోట. ఆ ఏడు నన్ను తీసుకెళ్ళాడు. వాళ్ళు వైన్‌ని మట్టిలో కంఠం దాకా పాతిన పెద్ద కుండల్లో పెడతారు, క్వెవ్రి అంటారు. మూతలు తీసి చూపించాడు, అన్నీ నిండుగా ఉన్నాయి. కొత్త పంట వస్తోంది, పోయడానికి కుండ ఖాళీ లేదు. "మాస్కో వాళ్ళు తీపి ఉంటే చాలు, ఏదైనా తాగేవాళ్ళు. ఇప్పుడు నాలుక ఉన్నవాళ్ళను వెతుక్కోవాలి" అన్నాడు. వెతుక్కున్నారు కూడా. ఉక్రెయిన్, కజకిస్తాన్, పోలెండ్, తర్వాత చైనా. దానికోసం నాణ్యత పెంచుకోవాల్సి వచ్చింది, కల్తీ సరుకు చేసేవాళ్ళు దెబ్బతిన్నారు. గ్యాస్ విషయంలో అజర్‌బైజాన్ ఆదుకుంది, షా దెనిజ్ బావుల గ్యాస్ 2007 కల్లా మొదలైంది. అంతకుముందే బాకు నుంచి టర్కీలోని జెయ్‌హాన్ దాకా వెళ్ళే చమురు పైపులైన్ జార్జియా మీదుగా పడింది. సొంత చమురు పెద్దగా లేని దేశానికి దారి సుంకం ఒక ఆదాయమైంది.

ఇక్కడే అసలు తిరకాసు. 2013లో రష్యా మళ్ళీ తలుపు తీసింది. పదేళ్ళు తిరిగేసరికి వైన్ ఎగుమతుల్లో సగానికి పైగా మళ్ళీ రష్యాకే. అలవాటైన కొనుగోలుదారుడు, దగ్గరి దారి, తెలిసిన భాష. వ్యాపారిగా నేను వాళ్ళను తప్పుపట్టలేను, బాకీల మనిషిగా మాత్రం నాకు నిద్రపట్టదు.

2008 ఆగస్టులో రష్యాతో జరిగిన యుద్ధం అయిదు రోజులే. అప్పుడు మా రెండు కంటైనర్లు పోతీలో ఉన్నాయి. డిస్ట్రిబ్యూటరు ఫోన్ చేసి రెండే మాటలు చెప్పాడు: "సరుకు పోతీలో ఉంది. పోతీలో రష్యన్లు ఉన్నారు." కాస్పి దగ్గర రైలు వంతెన పేల్చేయడంతో తూర్పుకీ పడమరకీ సరుకు కదలడం ఆగిపోయింది. ఆ దెబ్బ చాలదన్నట్టు సెప్టెంబరులో అమెరికాలో బ్యాంకులు కూలాయి. చిన్న దేశానికి ఒకే శరదృతువులో యుద్ధమూ, ప్రపంచ ఆర్థిక సంక్షోభమూ. అయినా బ్యాంకులు కొద్ది రోజుల్లోనే తెరుచుకున్నాయి. అక్టోబరులో బ్రస్సెల్స్‌లో దాతల దేశాలు, సంస్థలు కలిసి 450 కోట్ల డాలర్ల సాయం ప్రకటించాయి. డాలరుకు 1.4 లారీల దగ్గర పట్టుకుని కూర్చున్న కేంద్ర బ్యాంకు నవంబరులో వదిలేసి 1.65 ప్రాంతానికి దిగనిచ్చింది. 2009లో ఆర్థిక వ్యవస్థ మూడు నాలుగు శాతం తగ్గింది, మరుసటి ఏడాది మళ్ళీ పెరిగింది. మా డబ్బు నలభై రోజులు ఆలస్యంగా, పైసాతో సహా వచ్చింది. పదేళ్ళ కింద రష్యా డిస్ట్రిబ్యూటర్లు మునిగిన చోట ఇతను ఎందుకు మునగలేదు? బ్యాంకుల్లో జమచేసిన జనం నమ్మకం పోలేదు, బయటి నుంచి డాలర్లు వచ్చాయి, లారీ ఒక్కసారిగా మూడోవంతుకు పడిపోలేదు.

అయితే పాత జబ్బు పూర్తిగా నయం కాలేదని 2014లో తెలిసింది. చమురు ధర పడింది, రూబుల్ పడింది, రష్యాలో పనిచేసే జార్జియన్లు పంపే డబ్బు తగ్గింది. 1.75 దగ్గర ఉన్న లారీ రెండేళ్ళలో 2.65కి వచ్చింది. జీతం లారీల్లో, ఇంటి అప్పు డాలర్లలో ఉన్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు. ఆ రోజుల్లో టిబిలిసి వీధుల్లో కూరగాయల కొట్టు కంటే తాకట్టు దుకాణాలు ఎక్కువ కనిపించేవి. లొంబార్డ్ అని బోర్డు ఉంటుంది. మా డిస్ట్రిబ్యూటరు దగ్గర పనిచేసే డ్రైవరు పెళ్ళి ఉంగరం పెట్టి వాయిదా కట్టాడు. చివరికి 2017 జనవరి నుంచి లక్ష లారీలలోపు అప్పు డాలర్లలో ఇవ్వకూడదని నిబంధన తెచ్చారు, తర్వాత ఆ హద్దు రెండు లక్షలు చేశారు. పాత డాలరు అప్పుల్ని కాస్త తక్కువ రేటుకు లారీల్లోకి మార్చుకోనిచ్చారు. నా దృష్టిలో పోలీసు సంస్కరణ కంటే ఈ చప్పుడు లేని నిబంధనే పెద్దది. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

ఇక మీరు అడిగిన రోజులు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద దాడి మొదలైంది. అందరూ జార్జియా మునుగుతుందనే అనుకున్నారు, నేనూ అనుకున్నాను. రెండు వారాలు లారీ పడింది కూడా. తర్వాత అంతా తిరగబడింది. రష్యా నుంచి కంప్యూటర్ ఉద్యోగులు, చిన్న వ్యాపారులు, మొబిలైజేషన్ (సైన్యంలోకి బలవంతపు పిలుపు) తప్పించుకునే కుర్రాళ్ళు దిగారు. సెప్టెంబరు 21న పుతిన్ మొబిలైజేషన్ ప్రకటించాక లార్సి చెక్‌పోస్టు దగ్గర కార్లు కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోయాయి. రష్యాకూ జార్జియాకూ మధ్య వాడుకలో ఉన్న ఒకే ఒక్క రోడ్డు అది. ఒంటరిగా సూట్‌కేసు లాక్కుంటూ, సైకిలు తొక్కుతూ వచ్చినవాళ్ళున్నారు. రష్యా నుంచి బదిలీ అయిన డబ్బు 2021లో 41 కోట్ల డాలర్లు ఉంటే, 2022లో 200 కోట్లు దాటింది. ముప్పై ఏడు లక్షల జనాభా ఉన్న దేశంలో ఇది ఎంత పెద్ద అలో ఆలోచించండి. ఆర్థిక వ్యవస్థ ఆ ఏడాది పది శాతం దాటి పెరిగింది, టిబిలిసిలో అద్దెలు దాదాపు రెట్టింపయ్యాయి.

మీ ఇంటి మీద దీని భారం ఎంతో లెక్క వేద్దాం. 2021 వసంతంలో డాలరుకు దాదాపు 3.4 లారీలు, మనకు 73 రూపాయలు. అంటే వెయ్యి లారీల ఖర్చుకు ఇరవై ఒకటిన్నర వేలు. 2023లో డాలరుకు 2.6 లారీలు, మనకు 83 రూపాయలు. అదే వెయ్యి లారీలకు ముప్పై రెండు వేలు. అక్కడ పప్పు ఉప్పు ధర పైసా పెరక్కపోయినా మీకు సగం భారం పెరిగింది. మరి పెరక్కుండా ఉన్నాయా? అక్కడ ఐసెట్ అనే పరిశోధన సంస్థ ఖచాపురి సూచీ అని ఒకటి వేస్తుంది. చీజ్ పెట్టి కాల్చే రొట్టె ఖచాపురి. ఇంట్లో ఒకటి చేయడానికి పిండి, చీజ్, గుడ్డు, గ్యాస్ కలిపి ఎంతవుతుందో నెలనెలా లెక్కకడతారు. మీ చెల్లెల్ని అడగండి, ఆ లెక్క ఆమెకు నోటికే వచ్చి ఉంటుంది. అందుకే అంటున్నాను, మీ కుటుంబానికి జార్జియా కూలిపోవడం కంటే జార్జియా బాగుండటమే ఖరీదైన సమస్య.

ఈ బాగు దేని మీద నిలబడిందంటే, కొంత పర్యాటకం, కొంత దారి సుంకం, కొంత రష్యన్ల డబ్బు. ఇంకొకటి వింతగా ఉంటుంది: కార్లు తయారుచేయని ఈ దేశపు ఎగుమతుల్లో మొదటి స్థానం కార్లది! అమెరికాలో యాక్సిడెంటైన కార్లను వేలంలో కొని, ఓడలో పోతీకి తెచ్చి, రుస్తావి చుట్టుపక్కల షెడ్లలో డెంటింగ్ పెయింటింగ్ చేసి అమ్ముతారు. రుస్తావి మార్కెట్లో ఎకరాల కొద్దీ కార్లే. ఆంక్షల భయంతో 2023 ఆగస్టు నుంచి రష్యాకు అలా పంపడాన్ని ఆపారు. వెంటనే కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్‌లకు ఎగుమతులు పెరిగాయి. ఆ రెండు చిన్న మార్కెట్లకు ఒక్కసారిగా అన్ని కార్లు ఎందుకో మీరే ఊహించుకోండి. అన్నట్టు మా మందుల సంగతి కూడా ఇలాంటిదే. టర్కీ లిరా పడిపోయి అక్కడి మందులు చవకయ్యాయి, 2022 నుంచి జార్జియా వాటిని సులువుగా రానిచ్చింది. పేషెంట్లకు మంచిదైంది, మా అమ్మకాలు పడ్డాయి.

ఉక్రెయిన్‌తో పోల్చి చూడకపోతే ఈ జవాబు సగమే. అక్కడ 2014లో డాలరుకు 8 హ్రివ్నియాలు ఉండేవి, ఏడాదికి 30 తాకింది. మా బాకీలు మళ్ళీ 1998 లాగే ఇరుక్కున్నాయి. కానీ ఆ తర్వాత మూడేళ్ళు వాళ్ళ కేంద్ర బ్యాంకు పుచ్చిన బ్యాంకుల్ని వరసగా మూసేసింది. 180 బ్యాంకుల్లో సగానికి పైగా పోయాయి. అన్నిటికంటే పెద్దదైన ప్రివాట్‌బ్యాంక్‌ను 2016 డిసెంబరులో ప్రభుత్వం తీసుకుంది. అప్పట్లో మా ఆఫీసులో అందరం తిట్టుకున్నాం, డబ్బు తిప్పలు పెట్టింది కదా. ఫలితం 2022లో కనిపించింది. దాడి మొదలైన రోజే రేటును 29.25 దగ్గర బిగించారు, అత్యవసర దిగుమతుల జాబితాకు మాత్రమే డాలర్లు ఇచ్చారు. జాబితాలో మందులున్నాయి. కీవ్ చుట్టుపక్కల మందుల గోదాములు కాలిపోయాయి, ఆ ఏడాది ఆర్థిక వ్యవస్థ 29 శాతం దాకా కుంగింది, అయినా కార్డులు పనిచేశాయి, జీతాలు పడ్డాయి, మా బిల్లులు మెల్లగా వచ్చాయి. జూలైలో రేటును 36.57కి దించారు, చెప్పి దించారు. చలికాలంలో పవర్ ప్లాంట్ల మీద దాడులు మొదలయ్యాక, జనరేటర్ల మీద నడిచే బ్యాంకు శాఖల జాబితా తయారుచేసి ప్రజలకు చెప్పారు. ఇదంతా సొంత బలం మాత్రమే కాదు, బడ్జెట్లో దాదాపు సగం బయటి సాయమే. కానీ సాయం వచ్చినా, పంచడానికి బతికున్న బ్యాంకు కావాలి కదా.

ఆర్మేనియా గురించి ఒక్క మాట, ఎందుకంటే మీ చెల్లెలి స్నేహితులు దాని రాజధాని యెరెవాన్‌లో ఉన్నారని రాశారు. జార్జియా కథకు అది దగ్గరి చుట్టం. 2022లో 12.6 శాతం పెరిగింది, అదే కారణంతో. 2023 సెప్టెంబరులో నగోర్నో కరబాఖ్ నుంచి లక్ష మందికి పైగా శరణార్థులు వచ్చారు. రష్యా మీద ఆధారం జార్జియా కంటే ఎక్కువ.

మరి నాకు ఏది భయం? యుద్ధం కంటే రాజకీయం. 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ ఆంక్షలు పడిన తమ పౌరుల విషయంలో కేంద్ర బ్యాంకు నిబంధన సడలించింది, దానితో ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) కార్యక్రమం ఆగిపోయింది. 2024 ఎన్నికల ముందు లారీని నిలబెట్టడానికి కేంద్ర బ్యాంకు పెద్ద ఎత్తున డాలర్లు అమ్మింది. నవంబరు 28న యూరోపియన్ యూనియన్ చేరిక చర్చల్ని 2028 దాకా పక్కన పెడుతున్నామని ప్రభుత్వం ప్రకటించింది, ఆ రాత్రి నుంచే రుస్తవేలి వీధిలో నిరసనలు. 2008లో 450 కోట్ల డాలర్లు తెచ్చిపెట్టింది ఈ పశ్చిమ దేశాల స్నేహమే. ఈసారి దెబ్బ తగిలితే ఆ తలుపు అంత సులువుగా తెరుచుకుంటుందని నేను పందెం కాయను. డిపాజిట్లలో దాదాపు సగం ఇంకా డాలర్లలోనే ఉన్నాయంటే, అక్కడి జనమే పందెం కాయడం లేదు.

మీరు చేయాల్సినవి. ఒక సెమిస్టరు ఫీజు, నాలుగు నెలల ఖర్చు డాలర్లలో చేతికందేలా ఉంచండి, లారీల్లోకి మార్చి దాచకండి. డబ్బంతా ఒకే బ్యాంకు కార్డులో పెట్టకండి, ఇక్కడి ఫారెక్స్ కార్డు ఒకటి, అక్కడి అకౌంటు ఒకటి. వార్తలు చూసి టెన్షన్ పడకండి, వీధిలోని డబ్బు మార్పిడి కొట్టు బోర్డు చూడమనండి. కొనే రేటుకూ అమ్మే రేటుకూ తేడా మామూలుగా ఒకటి రెండు తెత్రీలు (మన పైసల లాంటివి) ఉంటుంది. ఆ తేడా ఒక్కసారిగా పదికి వెళ్ళినా, "డాలర్లు లేవు" అని బోర్డు పెట్టినా, అది పేపరు కంటే రెండు రోజులు ముందు వచ్చే వార్త. 2008లోనూ 2014లోనూ నాకు అలాగే తెలిసింది.

ఫ్లాట్ సంగతి. 2023 ఫిబ్రవరిలో బటూమిలో రెండు రాత్రులున్నాను. సముద్రం ఒడ్డున ముప్పై, నలభై అంతస్తుల భవనాలు వరసగా. రాత్రి తొమ్మిదికి నడుస్తూ ఎదురుగా ఉన్న ఒక టవరులో వెలుగుతున్న కిటికీలు లెక్కపెట్టాను. నలభై అంతస్తుల్లో పదిహేడు. రష్యన్ల రాక ఇంకా జోరుగా ఉన్న కాలం అది. అద్దె వచ్చేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా. మెయింటెనెన్సు ఏడాదంతా. అమ్ముదామంటే పక్కనే బిల్డరు కొత్త టవరులో అదే సైజు వాయిదాల మీద ఇస్తుంటాడు, మీది ఎవరు కొంటారు? పైగా చదువు కోసం పంపే డబ్బుకూ ఆస్తి కోసం పంపే డబ్బుకూ మన దగ్గర టీసీఎస్ (విదేశానికి డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) లెక్క వేరు, ఏజెంటు అది చెప్పి ఉండడు.

ఒకటి తెలియక ఆగుతున్నాను. టిబిలిసిలో చాలామంది ఇంటివాళ్ళు అద్దె ఇంకా డాలర్లలోనే అడుగుతారు. మీ చెల్లెలి అద్దె ఒప్పందం ఏ కరెన్సీలో ఉంది, ఎప్పటిదాకా ఉంది? కనుక్కుని ఇక్కడే రాయండి, నెలకు ఎంత పంపితే సరిపోతుందో లెక్క కట్టి చెప్తాను.